ఉన్నత పాఠశాలల్లో కీబోర్డు టైపింగు బోధన

కీబోర్డు వైపు చూడకుండా, పది వేళ్లనూ వాటికి కేటాయించిన మీటల మీద నడుపుతూ, చూపును తెర మీదనో పక్కనున్న కాగితం మీదనో నిలిపి అక్షరాలు కొట్టే నేర్పును టచ్ టైపింగు అంటారు. ఉన్నత పాఠశాల కంప్యూటర్ పాఠ్యపుస్తకంలో ఇది ఒక చిన్న అధ్యాయంగానే కనిపిస్తుంది. స్వభావంలో మాత్రం ఇది సైకిలు తొక్కడానికో మృదంగం వాయించడానికో దగ్గరగా ఉంటుంది. చదివి పరీక్ష రాస్తే అబ్బేది కాదు గనుక దీని బోధనకు, కాలపట్టికకు, మార్కుల పద్ధతికి మిగతా కంప్యూటర్ పాఠాల కొలతలు సరిపోవు. ఏ మీట ఏ వేలిదో పట్టికగా కంఠస్థం చేయించి, ప్రశ్నపత్రంలో రెండు మార్కుల ప్రశ్నగా అడిగి, పాఠం అయిందనిపించుకోవడం చాలా పాఠశాలల్లో కనిపించే లోపం.

చరిత్ర

అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లేథం షోల్స్, ఆయన సహచరులు కలిసి రూపొందించిన టైపురైటరుకు 1868లో పేటెంటు లభించగా, రెమింగ్టన్ సంస్థ దాన్ని 1874లో అంగడికి తెచ్చింది. పై వరుసలోని మొదటి ఆరు అక్షరాలను కలిపి చదివితే వచ్చే క్వెర్టీ అన్న పేరుతో నేటికీ నిలిచి ఉన్న అమరిక ఆ యంత్రం నుంచి వచ్చినదే. అచ్చుకడ్డీలు ఒకదానితో ఒకటి చిక్కుకోకుండా ఉండేందుకే ఆ అమరికను ఎంచుకున్నారన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉన్నా, పరిశోధకులందరూ దాన్ని అంగీకరించలేదు. యంత్రం వచ్చిన తొలి సంవత్సరాలలో ఎన్ని వేళ్లతో కొట్టాలన్న విషయంలో స్థిరమైన పద్ధతి ఏదీ లేదు. రెండు వేళ్లతో కొట్టేవారే ఎక్కువ. 1882లో సిన్సినాటిలో లాంగ్లీ అనే ఉపాధ్యాయురాలు అన్ని వేళ్లనూ వాడే పాఠాలను పుస్తకంగా వెలువరించింది. అదే నగరంలో 1888 జులై 25న జరిగిన పోటీలో, సాల్ట్ లేక్ సిటీ న్యాయస్థానంలో స్టెనోగ్రాఫరుగా పనిచేసే ఫ్రాంక్ మెక్‌గరిన్, మీటల వైపు చూడకుండా కొట్టి, చూస్తూ కొట్టే లూయీ ట్రాబ్‌ను ఓడించాడు. చిన్న పెద్ద అక్షరాలకు వేర్వేరు మీటలున్న కాలిగ్రాఫ్ యంత్రం మీద ట్రాబ్, షిఫ్ట్ మీట ఉన్న రెమింగ్టన్ మీద మెక్‌గరిన్ పోటీపడ్డారు. చూడకుండా కొట్టడమే మేలైన పద్ధతి అన్న అభిప్రాయం బోధకులలో బలపడడానికి ఈ గెలుపు గొప్పగా తోడ్పడింది. మీటల అమరికనే మార్చాలన్న ప్రయత్నాలలో 1936లో పేటెంటు పొందిన ఆగస్ట్ డ్వొరాక్ కీబోర్డు ప్రసిద్ధమైనదైనా, అది పాఠశాలల్లో నిలదొక్కుకోలేదు.

భారతదేశంలో ఈ విద్య పాఠశాలలకంటే ముందు టైపు ఇన్‌స్టిట్యూట్లలో బతికింది. గోద్రెజ్ సంస్థ 1955లో తొలి భారతీయ టైపురైటరును తయారు చేసి, 2009లో ఉత్పత్తి ఆపివేసింది. ఆ మధ్యకాలమంతా తెలుగు పట్టణాలలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు వేసవి సెలవుల్లో గంట చొప్పున బ్యాచులుగా ఇన్‌స్టిట్యూట్లకు వెళ్లడం సర్వసాధారణంగా ఉండేది. మొదటి రోజున 'ఏఎస్‌డీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజే' అన్న వరుసను కాగితం నిండా కొట్టించడంతో చదువు ఆరంభమయ్యేది. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించే లోయర్, హయ్యర్ పరీక్షలు గుమస్తా ఉద్యోగానికి తొలి మెట్టుగా ఉండేవి. ఆంగ్లంలో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాల వేగం కావాలి. తెలుగు టైపింగుకు విడిగా పరీక్షలున్నాయి.

కంప్యూటర్ వచ్చాక ఈ నేర్పు ఇన్‌స్టిట్యూటు గడప దాటి పాఠశాల ల్యాబులోకి వచ్చింది. కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి తొమ్మిదో తరగతి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వృత్తివిద్యాంశంలో డేటా నమోదు, కీబోర్డు నైపుణ్యాలను ఒక ప్రత్యేక యూనిట్‌గా చేర్చి, రాపిడ్ టైపింగ్ అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా అభ్యాసం సూచించింది. పదకొండు, పన్నెండు తరగతులలో టైపోగ్రఫీ, కంప్యూటర్ అప్లికేషన్ అన్న ఐచ్ఛికాంశం కూడా ఉంది. ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు సమకూర్చేందుకు కేంద్రం 2004లో ఆరంభించిన పథకం 2018లో సమగ్ర శిక్షలో కలిసిపోయింది. అమెరికాలో అనేక రాష్ట్రాలు స్వీకరించిన 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాలు, నాలుగో తరగతి విద్యార్థి ఒకే విడతలో ఒక పుటైనా, ఐదో తరగతి విద్యార్థి రెండు, ఆరో తరగతి విద్యార్థి మూడు పుటలైనా టైపు చేయగలగాలని నిర్దేశించాయి. దాన్నిబట్టి చూస్తే తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టడం ఆలస్యమే. అప్పటికి విద్యార్థి ఫోను మీద బొటనవేళ్లతోను, కంప్యూటర్ మీద రెండు చూపుడువేళ్లతోను కొట్టడం సొంతంగా నేర్చేసుకుని ఉంటాడు. ఉపాధ్యాయుడు కొత్త అలవాటును నేర్పడానికి ముందు పాతదాన్ని మాన్పించవలసి వస్తుంది.

నేర్పు ఎలా అబ్బుతుంది

టైపింగు నేర్చుకోవడం మనస్తత్వశాస్త్రజ్ఞులకు ఎంతో కాలంగా అధ్యయన విషయం. విలియం బుక్ 1908లో ప్రచురించిన నైపుణ్య మనస్తత్వశాస్త్ర గ్రంథం టైపురైటింగు అభ్యాసకుల పురోగతినే ప్రధానంగా పరిశీలించింది. వేగం మొదట చురుగ్గా పెరిగి, ఒక దశలో వారాల తరబడి కదలకుండా నిలిచిపోయి, మళ్లీ పైకి లేస్తుంది; మధ్యలోని ఆ నిలకడను అభ్యాస సమతలం అంటారు. ఈ నిలకడ దశలోనే చాలామంది విద్యార్థులు తమకిక రాదనుకుని పాత రెండు వేళ్ల పద్ధతికి మళ్లుతారు గనుక, ఆ దశ వస్తుందని ముందే చెప్పి ఉంచడం బోధకుడి పనిలో భాగం. ఫిట్స్, పోస్నర్ 1967లో చెప్పిన మూడంచెల సిద్ధాంతం ప్రకారం అభ్యాసకుడు మొదట ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తాడు, తరువాత కదలికలను ఒకదానితో ఒకటి జతపరుస్తాడు, చివరికి ఆలోచన అక్కరలేకుండా చేస్తాడు.

చివరి దశలో జ్ఞానం వేళ్లలో ఎంతగా ఇమిడిపోతుందో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2013లో వెల్లడించిన పరిశోధన చూపింది. నిమిషానికి 70 పదాలకు పైగా కొట్టగల వారికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే, 80 సెకన్లలో వారు సగటున 15 అక్షరాలను మాత్రమే సరైన చోట పెట్టగలిగారు. మీటల స్థానాలను రాతపరీక్షలో అడగడం ఎంత అర్థరహితమో చెప్పడానికి ఇంతకుమించిన ఆధారం అక్కరలేదు.

పది వేళ్ల పద్ధతి ఒక్కటే శరణ్యమా అన్న ప్రశ్నకు సమాధానం అంత సూటిగా లేదు. ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చేసిన అధ్యయనంలో, శిక్షణ లేకపోయినా తక్కువ వేళ్లతోనే టచ్ టైపిస్టులతో సమానంగా కొట్టేవారు కనిపించారు. ఒక్కో అక్షరానికి ఎప్పుడూ అదే వేలిని వాడడం, చేతులను ఎక్కువగా కదపకపోవడం వారి వేగానికి కారణాలుగా తేలాయి. అయితే అలాంటివారు ఏళ్ల తరబడి రోజూ కంప్యూటర్ వాడినవారు. వారానికి ఒకటి రెండు పీరియడ్లు మాత్రమే ల్యాబు ముఖం చూసే పాఠశాల విద్యార్థికి అలాంటి స్వయంశిక్షణ సాధ్యం కాదు. పైగా చూపును కీబోర్డు మీద నుంచి తప్పించగలగడం వేగంతో నిమిత్తం లేని లాభం. తల పైకీ కిందికీ ఆడించే పని తప్పినప్పుడే విద్యార్థి తన వాక్యం గురించి ఆలోచించగలుగుతాడు.

బోధన క్రమం

పాఠం కూర్చునే తీరుతో మొదలవుతుంది. పాదాలు నేలకు ఆని, మోచేతులు ఇంచుమించు లంబకోణంలో ఉండి, మణికట్లు బల్ల అంచుకు ఆనకుండా తేలుతూ ఉండాలన్నది సాధారణ నియమం. ఒకే ఎత్తు కుర్చీలున్న ల్యాబులో ఆరో తరగతి పిల్లకు పాదాలు నేలకు అందవు, పదో తరగతి అబ్బాయి మోకాళ్లు బల్లకు తగులుతాయి. కాళ్ల కింద ఇటుకో చెక్కపీటో పెట్టి మొదటి ఇబ్బందిని తీర్చవచ్చు.

వేళ్లు విశ్రాంతిగా నిలిచే నడిమి వరుసను హోమ్ రో అంటారు. ఎడమచేతి నాలుగు వేళ్లు ఏ, ఎస్, డి, ఎఫ్ మీటల మీదా, కుడిచేతి వేళ్లు జె, కె, ఎల్, సెమికోలన్ మీటల మీదా ఉంటాయి. బొటనవేలు స్పేస్ బార్‌ది. ఎఫ్, జె మీటల మీద చిన్న బొడిపెలుంటాయి. చూడకుండా చేతులను సరైన చోట దించుకోవడానికి అవే గుర్తులు. పాత ల్యాబు కీబోర్డుల మీద ఈ బొడిపెలు అరిగిపోయి ఉంటే చుక్కంత ఫెవికాల్ పెట్టి ఆరనిస్తే పని జరుగుతుంది. చూపుడువేళ్లకు బాధ్యత ఎక్కువ: ఎడమ చూపుడువేలు ఎఫ్‌తో పాటు జి, ఆర్, టి, వి, బి మీటలను, కుడి చూపుడువేలు జెతో పాటు హెచ్, యు, వై, ఎన్, ఎమ్ మీటలను చూసుకోవాలి. పెద్ద అక్షరం కొట్టేటప్పుడు దానికి ఎదురుచేతి చిటికెనవేలితో షిఫ్ట్ నొక్కాలన్న సూత్రాన్ని ఆదిలోనే పట్టించకపోతే, విద్యార్థి క్యాప్స్ లాక్ నొక్కి, అక్షరం కొట్టి, మళ్లీ క్యాప్స్ లాక్ నొక్కే దురలవాటులో పడిపోతాడు.

వరుసల క్రమం సంప్రదాయికంగా నడిమి వరుస, పై వరుస, కింది వరుస, ఆపైన అంకెలు. మొదటి వారం దాటాక అర్థంలేని అక్షరాల గుంపులకంటే పదాలు, చిన్న వాక్యాలు మేలు. ఆసక్తి మాట అటుంచి, అక్షరాలు భాషలో సహజంగా వచ్చే జంటలుగా వేళ్లకు అలవడడం అసలు ప్రయోజనం. తప్పు లేకుండా కొట్టడం ముందు, వేగం తరువాత. తప్పు కదలికను వేగంగా వందసార్లు చేసిన వేలు దాన్నే ఒప్పుగా నేర్చుకుంటుంది. కాలం విషయంలో వారానికి ఒక్కసారి నలభై ఐదు నిమిషాలకంటే రోజూ పదిహేను నిమిషాలు ఎంతో ఫలవంతం. దీనికి అడ్డుపడేది కాలపట్టిక మాత్రమే కాదు. నలభై మంది తరగతికి పది పన్నెండు కంప్యూటర్లు, వాటిలో ఒకటి రెండు మూలపడి ఉండడం మామూలు. ఒక్కో యంత్రం ముందు ముగ్గురు కూర్చున్నప్పుడు, ఒకరు కొడుతుండగా రెండోవారు పాఠం చదివి వినిపించడం, మూడోవారు వేళ్లనూ చూపునూ గమనించి గీతలు వేయడం అన్న పంపకం ఉన్నంతలో మంచిది. వేరొకరి వేళ్లలోని తప్పును పట్టిన పిల్లవాడు తన వేళ్లను జాగ్రత్తగా చూసుకుంటాడు. చేతుల మీద రుమాలు కప్పడం ఇన్‌స్టిట్యూట్ల నాటి ఉపాయం; దానికి ఖర్చు లేదు, కరెంటు అక్కరలేదు.

సాఫ్ట్‌వేర్‌లలో 1987లో వచ్చిన మేవిస్ బీకన్ పేరు లోకప్రసిద్ధం. మేవిస్ బీకన్ అనే ఉపాధ్యాయురాలు నిజంగా ఉన్నదని చాలామంది నమ్మినా, అది అమ్మకాల కోసం కల్పించిన పాత్ర. ఉచితంగా లభించే క్లావరో, కేటచ్, టక్స్ టైపింగ్ వంటివి పాఠశాలకు చాలు. ఆటల రూపంలో ఉన్నవాటిలో పడే అక్షరాన్ని ఎలాగైనా కొట్టాలన్న తొందరలో పిల్లలు ఏ వేలు దొరికితే ఆ వేలు వాడతారు. యంత్రానికి ఏ మీట నొక్కారో తెలుస్తుందే తప్ప ఏ వేలితో నొక్కారో తెలియదు గనుక, ఉపాధ్యాయుడు వరుసల మధ్య తిరుగుతూ ఉండక తప్పదు.

తెలుగు కీబోర్డు

తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో టైపింగు అంటే ఇంచుమించు ఆంగ్ల టైపింగే. తెలుగులో కొట్టడం నేర్పే చోట మూడు దారులు కనిపిస్తాయి. పత్రికలు, డీటీపీ కేంద్రాలు 'అను' ఫాంట్లతో మాడ్యులర్, యాపిల్ అమరికలను వాడుతూ వచ్చాయి. ఇంటర్నెట్ వాడకందారులు తెలుగు ఉచ్చారణను ఆంగ్ల అక్షరాలలో కొట్టి తెలుగులోకి మార్చుకునే లిప్యంతరీకరణకు, అంటే ఆర్‌టీఎస్, లేఖిని వంటి పద్ధతులకు అలవాటు పడ్డారు. మూడోది ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా రూపొందించి, 1988లో సవరించిన ఈ అమరిక, 1991లో భారతీయ ప్రమాణంలో చేరి, నేటి కంప్యూటర్లన్నిటిలో ఏ ఫాంటూ కొనకుండానే అందుబాటులో ఉంది.

ఆంగ్లంలో టచ్ టైపింగు వచ్చినవారికి లిప్యంతరీకరణ కొత్త శిక్షణ లేకుండా అందివస్తుందన్నది నిజమే. అయినా పాఠశాల దృష్టిలో ఇన్‌స్క్రిప్ట్‌కు ఒక ప్రత్యేక యోగ్యత ఉంది: అది ఓనమాలు, గుణింతాలు నేర్చిన పిల్లవాడి జ్ఞానం మీదనే నిలబడింది. గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. నడిమి వరుసలో ఎడమచేతి కింద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కుడిచేతి కింద ప, ర, క, త, చ, ట. క మీటకు షిఫ్ట్ జోడిస్తే ఖ, దాని పైనున్న మీట గ, దానికి షిఫ్ట్ జోడిస్తే ఘ. త, థ, ద, ధ లకూ, ప, ఫ, బ, భ లకూ ఇదే వరస. గుణింతపు గుర్తుకు షిఫ్ట్ జోడిస్తే దానికి సంబంధించిన అచ్చు వస్తుంది. వర్ణమాల తెలిసినవారు ఆ కాస్త కిటుకుతో సగం కీబోర్డును ఊహించగలరు.

ఇందులో బోధకుడికి దొరికే వరం ఒకటుంది. ఆంగ్లంలో నడిమి వరుస అక్షరాలతో కూర్చగల పదాలు కొన్నే; ఇన్‌స్క్రిప్ట్‌లో నడిమి వరుస దాటకుండా, షిఫ్ట్ ముట్టకుండా కోతి, తోక, చేప, కుక్క, చిరుత, పిచ్చుక అన్నవన్నీ కొట్టవచ్చు. మొదటి రోజునే విద్యార్థి అర్థమున్న తెలుగు మాటలు తెర మీద చూస్తాడు. కోతి అన్నప్పుడు క కుడిచేత, ఓత్వం ఎడమచేత, త కుడిచేత, గుడి ఎడమచేత పడి, రెండు చేతులూ రోకటి పోటు వేసినట్టు మార్చి మార్చి నడుస్తాయి. ఈ సౌలభ్యం అన్ని మాటలకూ ఉండదు. మ, న, వ, సున్న కింది వరుసలో ఎడమవైపు పడ్డాయి. నమూనా అన్న మాటకు కావలసిన ఐదు దెబ్బలూ ఎడమచేతివే, అదీ చూపుడువేలు, నడిమివేలు రెండింటికే.

విద్యార్థులు తికమక పడే చోటు వత్తులు. కాగితం మీద స్త్రీ అని రాసేటప్పుడు స రాసి, గుడిదీర్ఘం పెట్టి, కింద త వత్తు, ర వత్తు ఇస్తారు. కంప్యూటర్ కంటికి కనిపించే క్రమాన్ని పట్టించుకోదు, పలికే క్రమాన్ని అడుగుతుంది: స, పొల్లు, త, పొల్లు, ర, చివరగా గుడిదీర్ఘం, మొత్తం ఆరు దెబ్బలు. అక్షరాన్ని కనిపించే ముక్కలుగా అతికించే టైపురైటరు మీద నేర్చినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. వ్యాకరణం పీరియడులో సంయుక్తాక్షరాన్ని విడదీయడం నేర్చిన ఏడో తరగతి పిల్లకు అంత కష్టం కాదు. ఈ అమరిక భారతీయ లిపులన్నిటికీ ఒకటే గనుక, తెలుగులో నేర్చిన వేళ్లు హిందీ పాఠాన్నీ కొట్టగలవన్నది అదనపు లాభం.

వేగం లెక్క

పదాల నిడివి ఒక్కటిగా ఉండదు గనుక, ఖాళీతో సహా ఐదు దెబ్బలను ఒక పదంగా లెక్కిస్తారు. ఐదు నిమిషాలలో 750 దెబ్బలు కొడితే 150 పదాలు, అంటే నిమిషానికి 30. ఇది స్థూల వేగం. అందులో పది తప్పులుంటే, నిమిషానికి రెండు చొప్పున తీసివేయగా మిగిలిన 28 నికర వేగం. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి ఉద్యోగాలకు ఆంగ్లంలో కోరే నిమిషానికి 35 పదాలు, గంటకు 10,500 దెబ్బలు అన్న రెండు అంకెలూ ఈ లెక్కన ఒకటే. తెలుగుకు ఈ కొలతను తెచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. 'విశ్వవిద్యాలయాలలో' అన్నది చదవడానికి ఒక్క మాట, ఇన్‌స్క్రిప్ట్‌లో 17 దెబ్బలు, అంటే మూడు పదాలకు పైచిలుకు. ప్రత్యయాలన్నీ మాటకు అతికించుకునే భాషలో ఖాళీలను లెక్కపెట్టి వేగం నిర్ణయిస్తే విద్యార్థికి అన్యాయం జరుగుతుంది.

టైపురైటరు మీద పడిన తప్పు కాగితం మీద నిలిచిపోయేది. బ్యాక్‌స్పేస్ దాన్ని ఆనవాలు లేకుండా చెరిపేస్తుంది. చివరి పాఠాన్ని మాత్రమే దిద్దే పరీక్షలో, నిదానంగా తప్పులేకుండా కొట్టినవారూ, తడవకోసారి చెరిపి దిద్దినవారూ ఒకేలా కనిపిస్తారు. అందుచేత అభ్యాస దశలో బ్యాక్‌స్పేస్‌ను నిషేధించడం, పరీక్షలో అనుమతించడం సముచితం. తొలి ఏడాది మార్కులలో సింహభాగం వేగానికి కాక, చూపు ఎక్కడుందన్నదానికీ ఏ వేలు ఏ మీట మీద పడిందన్నదానికీ ఇవ్వాలి.

చూపులేని విద్యార్థులు

టైపింగు యంత్రాల చరిత్ర చూపులేనివారితో ముడిపడి ఉంది. ఇటలీలో పెల్లెగ్రినో తుర్రి 1808 ప్రాంతంలో తయారుచేసిన తొలినాటి యంత్రం అంధురాలైన కరోలినా ఫాంటోనీ ఉత్తరాలు రాసుకోవడానికి ఉద్దేశించినది. నేడు ఎన్‌వీడీఏ వంటి ఉచిత తెరపఠన సాఫ్ట్‌వేర్ కొట్టిన ప్రతి అక్షరాన్నీ పలికి వినిపిస్తుంది, తెలుగులో కూడా. చూపున్న విద్యార్థికి రుమాలు కప్పి నేర్పే పద్ధతి ఈ విద్యార్థులకు ఏ మార్పూ లేకుండా వర్తిస్తుంది. మీటల బొమ్మకు బదులు మాటతో, వేలిని పట్టి చూపించడంతో పాఠం నడపాలి. మొదటి పాఠం ఎఫ్, జె మీటల మీది బొడిపెలను తడిమి గుర్తుపట్టడం. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేవారికి అవే గుడి, ర అక్షరం ఉన్న చోట్లు.